లక్షా ఒక్క డాలరు

పోయిన నెల మా ఆఫీసులో లీడర్‌షిప్ మీద ఒక పూట ట్రైనింగ్ పెట్టారు. మధ్యాహ్నం రెండింటికి, అదీ క్యాంటీన్‌లో బిర్యానీ పెట్టిన రోజున. సగంమంది కళ్లు తెరిచే నిద్రపోతున్నారు. నేనూ ఆ బాపతే. తెరమీద ఒక నలుపు తెలుపు ఫొటో పడేసరికి మాత్రం మెలకువ వచ్చింది. ఆరో నంబరు జెర్సీ, గడ్డం, పొడుగాటి చేతులు. బిల్ రస్సెల్.

ట్రైనర్ కుర్రాడు బాగానే చెప్పాడు. అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో బోస్టన్ సెల్టిక్స్ జట్టు తరఫున 13 సీజన్లు ఆడి 11 ఛాంపియన్‌షిప్‌లు గెలిచాడన్నాడు. అంకెలు సరిగ్గానే ఉన్నాయి. తర్వాత, "ఈయన పాయింట్ల మీద ఆశ వదులుకుని జట్టు కోసం త్యాగం చేశాడు. మనం కూడా 'నేను' పక్కన పెట్టి 'మనం' అనుకోవాలి" అన్నాడు. చప్పట్లు. ఆ తర్వాత టీ, సమోసా.

అందరూ సమోసా తిన్నారు. నాకు మాత్రం ఆ 'త్యాగం' అన్నమాట గొంతులో అడ్డం పడింది. కాలేజీ బాస్కెట్‌బాల్ జట్టులో సెంటర్‌గా, అంటే రింగు దగ్గర నిలబడే పొడుగువాడిగా ఆడిన రోజుల్నుంచీ రస్సెల్ అంటే నాకు పిచ్చి. దొరికిన వీడియోలన్నీ చూశాను, ఆయన గురించి వచ్చినవి చాలానే చదివాను. ఆ మనిషిలో త్యాగం నాకు ఎక్కడా కనబడలేదు. కనబడిందల్లా ఒళ్లంతా పంతం. గెలవడం మీద అంత అత్యాశ ఉన్నవాడికి పాయింట్లు చిల్లర డబ్బుల్లా అనిపించి ఉంటాయి.

ఏదైతేనేం, చివరికి పాస్ ఇచ్చాడు కదా, దాన్ని ఏ పేరుతో పిలిస్తే ఏం పోయింది అని మా టీమ్‌లో ఒకతను టీ తాగుతూ అన్నాడు. చాలా పోతుంది. త్యాగం చేసినవాడికి ఒక దణ్ణం పెట్టి, శాలువా కప్పి పంపించేయొచ్చు. పంతం పట్టినవాడికి లెక్క చెప్పాలి. అందుకే మేనేజర్లకి మొదటి మాటే ఇష్టం. ఇప్పుడు నేనూ ఆ కుర్చీలోనే కూర్చున్నాను కాబట్టి ధైర్యంగా అంటున్నాను.

బంతి ఎవరిది?

నేను ఇంజనీరింగ్ చదివింది ప్రకాశం జిల్లాలో, పొలాల మధ్య కట్టిన ఒక కాలేజీలో. కోర్టు సిమెంటుది. ఒక రింగుకి నెట్టు ఉండేది, రెండోదానికి లేదు. కోర్టుకి ఒక పక్కంతా తుమ్మచెట్లు. నాది ఆరడుగుల రెండంగుళాల ఎత్తు. ఆ కాలేజీలో అంతకన్నా పొడుగువాడు లేడు కాబట్టి ఆట రాకముందే సెంటర్‌నైపోయాను. నాకొచ్చింది ఒకటే పని. ఎదుటివాడు రింగు దగ్గరికొచ్చి బంతి ఎత్తగానే ఎగిరి దాన్ని అరచేత్తో చావబాదడం. బంతి వెళ్లి తుమ్మచెట్లలో పడేది. హాస్టల్ పిట్టగోడ మీద కూర్చున్నవాళ్లు ఈలలు వేసేవాళ్లు. ఆ ఈలల కోసం టిఫిన్ మానేసి ప్రాక్టీసుకి పోయిన రోజులున్నాయి.

ఒకరోజు సాయంత్రం అలాగే కొట్టాను. ఈలలు మోగాయి. మా ఆటల మాస్టారు, పీడీ గారు, విజిల్ ఊది ఆట ఆపారు. కుర్చీలోంచి లేవలేదు.

"బాగా కొట్టావురా. ఇప్పుడు బంతి ఎవరిది?"

"వాళ్లదే సార్. సైడ్ త్రో."

"మరి నువ్వు చేసిందేంటి?"

"పాయింట్లు ఆపాను సార్."

"పది సెకన్లు ఆపావు" అని మళ్లీ విజిల్ ఊదారు.

ఈలోగా బంతి తేవడానికి మా పాయింట్ గార్డ్, అంటే జట్టులో బంతి నడిపించాల్సినవాడు, తుమ్మచెట్ల కిందికి వంగుని దూరాడు. ఐదడుగుల నాలుగంగుళాల మనిషి. నేను బ్లాక్ చేసిన ప్రతిసారీ ముందు పరిగెత్తేది వాడే. ఆ రోజు ఎక్కువసేపే వెతికాడు. వచ్చాక చూస్తే బంతికి ముల్లు దిగి ఉంది. చుయ్‌మని గాలి పోతోంది. సైకిల్ షాపులో ఏదో అతుకేసి ఇచ్చారు గానీ, ఆ అతుకు నేలకి తగిలిన ప్రతిసారీ బంతి ఒక పక్కకి ఎగిరేది. కొత్త బంతి వచ్చేదాకా మూడు వారాలు అలాగే ఆడాం. ఆ వంకర బంతిని సరిగ్గా డ్రిబుల్ చెయ్యగలిగింది కూడా వాడొక్కడే.

రస్సెల్ బ్లాక్ చేసే తీరు నేను మొదటిసారి చూసింది ఆ తర్వాత కొన్నాళ్లకి, ఒక ఇంటర్నెట్ సెంటర్‌లో, ఆగి ఆగి నడిచే చిన్న వీడియోలో. బంతిని బాదడం లేదు. వేళ్లతో తడుతున్నాడు. తట్టి తన చేతిలోకే తెచ్చుకుంటున్నాడు, లేకపోతే పక్కనున్న తనవాడి వైపు నెడుతున్నాడు. ఎదుటివాళ్లు తమ షాట్ ఏమైందో తెలుసుకునేలోపే సెల్టిక్స్ గార్డ్ బాబ్ కౌసీ బంతితో అవతలి సగంలో ఉంటున్నాడు. వాళ్ల షాట్ వీళ్లకి పాస్ అయిపోయింది. ప్రతి షాటూ ఆపాలన్న తాపత్రయం కూడా ఆయనకి లేదట. ఏది ఆపుతాడో ఎదుటివాడికి తెలియకపోతే చాలు, మిగతా పని వాడి భయమే చేసి పెడుతుందని ఆయన లెక్క.

ఇది త్యాగమా? పిట్టగోడ మీద ఈలలు వదులుకోవడం త్యాగమే అనుకుంటే త్యాగమే. కానీ ఆ ఈలలకి బదులు ఆయన తీసుకున్నది బంతిని. కోర్టులో అంతకన్నా విలువైంది లేదు. ఈల తీసుకుని బంతి ఇచ్చేసిన నేనే, ఆలోచిస్తే, పెద్ద దాతని.

చిత్రం ఏమిటంటే, ఆయన తన జీవితంలో అన్నిటికన్నా బాగా చేసిన ఈ పనికి ఒక్క అంకె కూడా మిగల్లేదు. ఎన్‌బీఏ బ్లాక్‌లు అధికారికంగా లెక్కపెట్టడం మొదలుపెట్టింది 1973-74 సీజన్‌లో. ఆయన 1969లోనే రిటైరయ్యాడు. రీబౌండ్లు, అంటే తప్పిపోయిన షాట్ల బంతిని పట్టుకోవడం, 21,620 అని రాసి ఉంది. ఆటకి 15.1 పాయింట్లు అని రాసి ఉంది. బ్లాక్‌ల గడిలో ఖాళీ.

రాసేవాళ్ల ఓటు, ఆడేవాళ్ల ఓటు

1961-62 సీజన్‌ని చూడండి. రస్సెల్‌కి పోటీ సెంటర్ విల్ట్ చాంబర్లేన్ ఆ ఏడాది ఆటకి సగటున 50.4 పాయింట్లు వేశాడు. మార్చి 2న పెన్సిల్వేనియాలోని హెర్షీలో ఒకే ఆటలో 100 వేశాడు. అదే సీజన్‌లో ఆస్కార్ రాబర్ట్‌సన్ అనే ఇంకో ఆటగాడు పాయింట్లు, రీబౌండ్లు, అసిస్టులు (పాయింటు తెచ్చిన పాస్‌లు) మూడింటిలోనూ రెండంకెల సగటు సాధించాడు. రస్సెల్ సగటు 18.9 పాయింట్లు. మన ఆఫీసు ఎక్సెల్ షీటులో అయితే రస్సెల్ మూడో వరుసలో ఉండేవాడు.

ఆ ఏడాది మీడియావాళ్లు ఎన్నుకున్న ఉత్తమ ఐదుగురిలో సెంటర్ స్థానం విల్ట్‌కి దక్కింది. రస్సెల్‌ని రెండో జట్టులో వేశారు. కానీ లీగ్‌లో అత్యంత విలువైన ఆటగాడి అవార్డుకి అప్పట్లో ఓటు వేసేది ఆటగాళ్లే. వాళ్లు ఓటేసింది రస్సెల్‌కి. స్టాండ్స్‌లోంచి చూసినవాళ్లకి విల్ట్ కనబడ్డాడు. కోర్టులో ఎదురు నిలబడి, షాట్ వెయ్యబోయి, ఎందుకొచ్చిన గొడవలే అని పక్కవాడికి పాస్ ఇచ్చేసినవాళ్లకి రస్సెల్ గుర్తొచ్చాడు. ఆ వెయ్యని షాట్లకి ఇప్పటికీ గడి లేదు.

ఇక్కడ నా సొంత తప్పు ఒకటి చెప్పుకోవాలి. కొన్నేళ్ల కింద, ఇప్పటి కంపెనీ కాదు, ముందుది, అక్కడ నా టీమ్‌లో ఒక టెస్టర్ ఉండేది. టెస్టర్ల పని కొలిచేది ఎన్ని బగ్స్ టూల్‌లో ఎక్కించారన్న దాన్నిబట్టి. ఈ అమ్మాయి లెక్క ఎప్పుడూ తక్కువే. ఎందుకంటే బగ్ కనబడగానే టూల్ తెరవదు. కుర్చీ జరుపుకుంటూ ఆ కోడ్ రాసినవాడి పక్కకి పోయి, "ఇక్కడ ఏదో తేడాగా ఉంది చూడండి" అంటుంది. పావుగంటలో సరైపోతుంది. టూల్‌లో ఏమీ ఉండదు. పక్క టీమ్‌లో ఇంకొకతను అదే బగ్‌ని ముక్కలు చేసి నాలుగుగా ఎక్కించేవాడు. వాటిమీద రెండు మీటింగులు, ఒక మెయిల్ యుద్ధం. సంవత్సరం చివర అతని అంకె బ్రహ్మాండంగా ఉండేది.

అప్రైజల్‌లో ఆమెకి నేను మధ్యస్తం రేటింగ్ ఇచ్చాను. తెలియక కాదు. పైవాళ్లకి చూపించడానికి అంకె కావాలి, అది లేదు. ఆ గదిలో ఆమెతో నేనన్న మాట ఇప్పటికీ గుర్తుంది. "మీరు టీమ్ కోసం చాలా సర్దుకుపోతారు, మాకు తెలుసు" అన్నాను. మెచ్చుకోలు అనుకునే అన్నాను.

ఆమె నవ్వలేదు. "నేనేం సర్దుకుపోలేదండీ. రిలీజ్ రోజు రాత్రి పదింటికల్లా ఇంటికి పోవాలి, పాప నిద్రపోకముందే. అందుకే అలా చేస్తాను. మిగతావాళ్లు కూడా పోతున్నారు కదా, దానికి హైక్ ఎందుకు రాదు?" అంది.

నా దగ్గర సమాధానం లేదు. నాలుగు నెలలకి ఆమె వేరే కంపెనీకి వెళ్లిపోయింది. ఆ తర్వాత రెండు రిలీజులు తెల్లవారుజాము దాకా సాగాయి. అప్పుడు కూడా టూల్‌లో బగ్స్ లెక్క అద్భుతంగా ఉంది.

నూటపదహార్ల లెక్క

మనవాళ్లు చదివింపుల్లో నూటపదహార్లు రాయిస్తారు. వంద అని నిండుగా ఇవ్వరు, పైన కొంత ఉండాలి, శుభం. రస్సెల్ ఒకసారి పైన ఒక్కటి వేయించుకున్నాడు గానీ, అది శుభం కోసం కాదు.

1965లో విల్ట్ ఏడాదికి లక్ష డాలర్ల కాంట్రాక్టు మీద సంతకం పెట్టాడు. బాస్కెట్‌బాల్‌లో అప్పటికి ఊహించని మొత్తం. రస్సెల్ నేరుగా సెల్టిక్స్ యాజమాన్యం దగ్గరికెళ్లి 1,00,001 డాలర్లు కావాలన్నాడు. ఇచ్చారు. ఆ ఒక్క డాలరుతో బోస్టన్‌లో ఏం కొనుక్కుని ఉంటాడో నాకు తెలీదు. కానీ ఆ ట్రైనింగ్‌లో పడిన ఫొటో పక్కన ఆ ఒక్క డాలరు బొమ్మ కూడా ఉండాల్సింది. 'నేను'ని పక్కన పెట్టిన మనిషి అలా అడగడు. తన పని విలువ ఇంత అని తెలిసినవాడు, పాయింట్ల లెక్కలో అది కనబడదని కూడా తెలిసినవాడు, కనబడే ఒక్క చోట అడిగి రాయించుకున్నాడు. మా టెస్టర్ అడిగింది కూడా అదే. తేడా ఏమిటంటే వాళ్లు ఇచ్చారు, నేను ఇవ్వలేదు.

ఆయన మిగతా విషయాల్లో కూడా ఆదర్శ విద్యార్థి కాదు. ప్రాక్టీసులంటే బద్ధకం. కోచ్ రెడ్ ఆర్బాక్ చూసీచూడనట్టు వదిలేసేవాడు. అభిమానులకి ఆటోగ్రాఫ్ ఇచ్చేవాడు కాదు. మరి ఆట రోజున? పెద్ద ఆటల ముందు డ్రెస్సింగ్ రూములో టెన్షన్‌తో వాంతి చేసుకునేవాడు. ఎనిమిదేళ్లు వరసగా ఛాంపియన్‌షిప్ గెలిచినవాడికి కూడా కడుపులో తిప్పేది. ఆశ వదులుకున్నవాడికి కడుపులో తిప్పదు.

ఇంతకన్నా ముఖ్యమైన సంగతి ఇంకొకటుంది. 1961 అక్టోబరులో సెల్టిక్స్ కెంటకీలోని లెక్సింగ్టన్‌కి ఒక ఎగ్జిబిషన్ ఆట కోసం వెళ్లారు. దిగిన హోటల్ కాఫీ షాపులో జట్టులోని నల్లజాతి ఆటగాళ్లు శామ్ జోన్స్, సాచ్ శాండర్స్ కూర్చుంటే, నల్లవాళ్లకి ఇక్కడ ఏమీ పెట్టం అన్నారు. సంగతి రస్సెల్‌కి తెలిసింది. ఆర్బాక్ నచ్చజెప్పబోయాడు. నల్లజాతి ఆటగాళ్లందరూ ఆడకుండా విమానం ఎక్కి తిరిగొచ్చేశారు. జట్టులో మిగిలిన తెల్లవాళ్లు ఆ రాత్రి ఆడారు.

మన స్లైడు ప్రకారం జట్టు మనిషి అంటే ఆ రాత్రి ఏం చెయ్యాలి? అవమానం దిగమింగి, టికెట్లు అమ్ముడయ్యాయి కాబట్టి, కోచ్ మాట కాదనకూడదు కాబట్టి ఆడాలి. పండగ రోజు డ్యూటీకి రమ్మన్నప్పుడు మనం వినేది అదే మాట, "టీమ్ కోసం". రస్సెల్ ఆ రాత్రి ఆడనందువల్ల సెల్టిక్స్ చెడిపోలేదు. ఆ సీజన్ చివర కూడా ఛాంపియన్‌షిప్ వాళ్లదే. జట్టు మనిషి అవడానికి తలవంచుకుని ఉండటం అర్హత కాదనడానికి నాకు దొరికిన గట్టి ఉదాహరణ ఇదే.

నాకే నమ్మకం చాలని చోట్లు

ఇంతవరకు రాసి, రెండు రోజులు పక్కన పెట్టి, మళ్లీ చదివితే నా వాదనలో నాకే కొన్ని చిల్లులు కనబడ్డాయి. దాచడం బాగుండదు.

మొదటిది. రస్సెల్ పాయింట్లని చిల్లరగా చూశాడంటున్నాను సరే, అసలు వెయ్యగలిగేవాడా? ఆయన షాటింగ్ గొప్పది కాదు. ఫ్రీ త్రోలు, అంటే ఫౌల్ అయినప్పుడు ఎవరూ అడ్డు రాకుండా వేసే షాట్లు, అయితే నూటికి 56. అందని ద్రాక్షకి పులుపు అంటగట్టినట్టు, రాని పనిని వద్దనుకున్న పనిగా మనం కథ అల్లుతున్నామేమో. కొంత నిజమే కావచ్చు. కానీ 1962 ఫైనల్స్ ఏడో ఆటలో లాస్ ఏంజిల్స్ జట్టు లేకర్స్ మీద, ఓవర్‌టైమ్ దాకా వెళ్లి 110-107తో గెలిచిన ఆటలో, ఆయన 30 పాయింట్లు వేసి 40 రీబౌండ్లు పట్టాడు. అవసరపడిన రోజున వేశాడు. ప్రతిరోజూ వెయ్యగలిగేవాడు కాడేమో. ఏ రోజు అవసరమో తెలియడం మాత్రం వేరే విద్య.

రెండోది పక్కనున్నవాళ్ల సంగతి. కౌసీ, షార్మన్, హైన్సన్, శామ్ జోన్స్, కే.సీ. జోన్స్, హావ్లిచెక్... అందరూ హాల్ ఆఫ్ ఫేమ్‌కి ఎక్కినవాళ్లే. పైగా మొదట్లో లీగ్‌లో ఉన్నవి ఎనిమిది జట్లు. ఇంతమంది ఉంటే ఎవరైనా గెలుస్తారనే మాట నేను చాలాసార్లు విన్నాను. దీనికి నా దగ్గరున్న జవాబు ఒకే ఒక్క జత అంకెలు. రస్సెల్ ఆఖరి సీజన్‌లో సెల్టిక్స్ 48 గెలిచి 34 ఓడారు. ఆయన వెళ్లిపోయిన మరుసటి సీజన్‌లో 34 గెలిచి 48 ఓడారు. శామ్ జోన్స్ కూడా అప్పుడే రిటైరయ్యాడు కాబట్టి మొత్తం రస్సెల్ ఖాతాలో వెయ్యను. అయినా అంకెలు అద్దంలో చూసినట్టు తిరగబడటం చూస్తే నాకు ఒళ్లు జలదరిస్తుంది.

మూడోది నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టేది, విల్ట్. ఈ కథ చెప్పేవాళ్లందరూ విల్ట్‌ని స్వార్థపరుడి వేషంలో నిలబెడతారు. పైన నేను కూడా దాదాపు అదే చేశాను. కానీ 1966-67లో విల్ట్ షాట్లు తగ్గించుకుని పాస్‌లు పెంచాడు. ఆయన జట్టు ఫిలడెల్ఫియా 68 ఆటలు గెలిచి, రస్సెల్ ఆడుతూనే కోచ్‌గా కూడా ఉన్న మొదటి ఏడాదే సెల్టిక్స్‌ని 4-1తో ఇంటికి పంపి ఛాంపియనైంది. మరుసటి ఏడాది మొత్తం అసిస్టుల్లో లీగ్‌లో మొదటివాడు విల్టే. ఒక సెంటర్ ఆ పని చెయ్యడం మామూలు విషయం కాదు. గిట్టనివాళ్లు అప్పుడు కూడా, చూశావా, పాస్‌ని కూడా రికార్డు చేసుకున్నాడు అన్నారు. పాపం, విల్ట్ ఏం చేసినా తప్పే. గెలిచినవాడి ప్రతి అలవాటూ గుణంగా, ఓడినవాడి ప్రతి అలవాటూ జబ్బుగా కనబడే లోకంలో నేను రస్సెల్ గురించి రాస్తున్నాననే ఎరుక నాకుంది.

పైగా రస్సెల్ ఆయన పట్ల న్యాయంగా కూడా లేడు. 1969 ఫైనల్స్ ఏడో ఆట. లాస్ ఏంజిల్స్‌లో. లేకర్స్ యజమాని గెలుపు సంబరాలకని పైకప్పు నిండా బెలూన్లు కట్టించి పెట్టాడు. సంబరాలు ఏ వరసలో జరగాలో రాసిన కాగితం రస్సెల్ చేతికి చిక్కింది. దాన్ని తనవాళ్లకి చదివి వినిపించాడు. కోచ్‌గా ఆయన చేసిన ప్రసంగాలన్నిటిలో అంతకన్నా పొదుపైంది ఉండదు. ఆట చివర్లో విల్ట్ మోకాలికి దెబ్బ తగిలి బయటికెళ్లాడు. కాసేపటికి మళ్లీ దిగుతానన్నా ఆయన కోచ్ దింపలేదు. డాన్ నెల్సన్ వేసిన షాట్ రింగు వెనకభాగానికి తగిలి, పైకి లేచి, లోపల పడింది. 108-106. బెలూన్లు పైనే ఉండిపోయాయి.

ఆ తర్వాత రస్సెల్ కొందరు విద్యార్థుల ముందు మాట్లాడుతూ, విల్ట్ అంత పెద్ద ఆటలో బయటికి వెళ్లకుండా ఉండాల్సిందని తప్పుపట్టాడు. అది బయటికి పొక్కింది. అంతకుముందు వాళ్లిద్దరూ ఒకరింటికి ఒకరు భోజనానికి వెళ్లేంత స్నేహితులు. ఆ ఒక్క మాటతో ఇంచుమించు 20 ఏళ్లు మాట్లాడుకోలేదు. చివరికి రస్సెలే క్షమాపణ చెప్పుకున్నాడు. పంతానికి ఉన్న రెండో వైపు ఇది. తన కడుపులో తిప్పినంత అందరికీ తిప్పాలనుకుంటుంది. మోకాలు నొప్పిని కూడా తన కొలతతోనే కొలుస్తుంది.

ఇంకా ఒకటుంది. ఆటగాడిగా, కోచ్‌గా ఒకేసారి ఉండి 1968, 1969లో గెలిచిన మనిషి, ఆట మానేశాక కోచ్‌గా అంత దూరం వెళ్లలేదు. 1987-88లో శాక్రమెంటో జట్టుకి పనిచేస్తే 58 ఆటల్లో 17 గెలుపులు వచ్చాయి, సీజన్ మధ్యలోనే తీసేశారు. లీడర్‌షిప్ అనేది ఒక మనిషిలో ఉండే వస్తువైతే అది శాక్రమెంటోకి కూడా ఆయనతో పాటే వెళ్లాలి కదా. వెళ్లలేదు. నాకు తోచిన కారణం, ఆయన లీడర్‌షిప్ నోట్లో లేదు, మోచేతుల్లో ఉంది. రింగు కింద తను నిలబడితే, ముందున్న నలుగురూ భయం లేకుండా ఎదుటివాడి మీదికి పోయేవాళ్లు. వాళ్లు తప్పిపోయినా వెనక రస్సెల్ ఉన్నాడు. సూటు వేసుకుని బెంచి మీద కూర్చుంటే ఆ ధైర్యం ఎవరికి ఇస్తాడు?

కుటుంబం అనకండి

ఆ ట్రైనింగ్‌లో ఇంకో మాట కూడా వాడారు, "టీమ్ అంటే కుటుంబం". సెల్టిక్స్ కుటుంబమా? బోస్టన్ శివార్లలో రెడింగ్ అనే ఊళ్లో రస్సెల్ ఇల్లు కొనుక్కుంటే దుండగులు లోపలికి చొరబడి సామాన్లు పగలగొట్టి, గోడల మీద జాతి పేరుతో బూతులు రాసి, పక్క మీద మలం వేసిపోయారు. ఆయన ఏ ఊరి పేరున గెలుస్తున్నాడో ఆ ఊరి పక్కనే జరిగింది ఇది. ఆయన తన జట్టుకి ఆడాడు, ఆ ఊరికి కాదు. 1972లో ఆయన ఆరో నంబరు జెర్సీకి గౌరవంగా రిటైర్మెంట్ ప్రకటించేటప్పుడు కూడా, ప్రేక్షకులెవరూ లోపలికి రాకముందు, ఖాళీ స్టేడియంలో, పాత సహచరుల మధ్యే కానిచ్చుకున్నాడు.

ఆ సహచరుల్లోనైనా? కౌసీ, రస్సెల్ కలిసి ఆడినన్నాళ్లూ కోర్టులో కళ్లతో మాట్లాడుకునేవాళ్లు. కోర్టు బయట అంతగా లేదు. ఎనభై ఏళ్లు దాటాక కౌసీ రస్సెల్‌కి ఒక ఉత్తరం రాశాడు. నువ్వు పడిన బాధలో నేను నీకు అండగా నిలబడాల్సింది, నిలబడలేదని. ఆరు ఛాంపియన్‌షిప్‌లు కలిసి గెలిచినవాళ్ల మధ్య ఆ ఒక్క మాట చెప్పుకోవడానికి అర్ధ శతాబ్దం పట్టింది.

నాకు ఇది నిరాశగా అనిపించదు, విడ్డూరంగా ఊరటగానే ఉంటుంది. పక్కవాడు నా కుటుంబం అయ్యుండక్కర్లేదు. వాడి షాట్ తప్పితే రీబౌండ్ నేను పడతానని వాడికి తెలిస్తే చాలు. ఆఫీసుల్లో మనం దీన్ని తలకిందులు చేశాం. పుట్టినరోజు కేకులు అందరం కలిసే కోస్తాం. రాత్రి ఒంటిగంటకి సర్వర్ పడిపోతే మాత్రం ఫోన్ ఎత్తేది ఎవరో ఒక్కడే.

ఫైనల్స్‌లో ఉత్తమ ఆటగాడి అవార్డు మొదటిసారి ఇచ్చింది కూడా ఆ 1969లోనే. అది రస్సెల్‌కి రాలేదు. గెలిచిన సెల్టిక్స్‌లో ఎవరికీ రాలేదు. ఓడిన లేకర్స్ ఆటగాడు జెర్రీ వెస్ట్‌కి ఇచ్చారు. 2009 నుంచి ఆ అవార్డుకి పెట్టిన పేరు బిల్ రస్సెల్. జీవితంలో ఒక్కసారి కూడా ఆ అవార్డు అందుకోని మనిషి పేరు అది.

ట్రైనింగ్ అయిన రాత్రి మా పాత పాయింట్ గార్డ్‌కి ఫోన్ చేశాను. ఇప్పుడు ఒంగోలులో హార్డ్‌వేర్ షాపు నడుపుతున్నాడు. తుమ్మచెట్ల సంగతి ఎత్తి, "అప్పట్లో ప్రతిసారీ నువ్వే పోయి బంతి తెచ్చేవాడివి, నేనొక్కసారి కూడా పోలేదు. టీమ్ కోసం నువ్వు..." అంటున్నాను, మధ్యలోనే ఆపేశాడు.

"టీమ్ లేదు, తోటకూర లేదు మామా. తెచ్చినోడి చేతికే కదా బంతి ముందొచ్చేది. చెట్ల దగ్గర్నుంచి కోర్టు దాకా డ్రిబుల్ చేసుకుంటా రావచ్చని పోయేవాణ్ణి. మీ పొడుగోళ్లు కోర్టులో నా చేతికి బంతి ఎక్కడిచ్చారు?"

నేనేం మాట్లాడలేదు. వాడే మళ్లీ అందుకున్నాడు. "అవున్రేయ్, ఆ రోజు అతుకేయించిన పదిహేను రూపాయలు నేనే పెట్టుకున్నా. నువ్విస్తానన్నావు, ఇవ్వలేదు."

ఫోన్ పెట్టేశాక పదహారు ఫోన్‌పే చేశాను.